వదులు తూటాలు

సంతలో తేనె అమ్ముకునే చెంచు ఈదన్న కూతురి మెడలో, పూసల మధ్య ఒక పాత బంగారు వరహా వేలాడుతోంది. చూసినవాళ్లంతా ఇత్తడి బిళ్ల అనుకుని పోయారు. ఓబులరెడ్డి ఒక్కడే ఆగాడు. పిల్లకు బెల్లం ముక్క పెట్టాడు, తండ్రికి సారా పోయించాడు, పొద్దు వాలేలోగా సంగతంతా కక్కించాడు. నల్లమల లోపల ఒక గుహ ఉంది. గుహలో బావిలాంటి గొయ్యి. తేనెకు దిగినప్పుడు దాని అడుగున ఈదన్న కాలికి బిందెలు తగిలాయి. ఏ పాలెగాడు ఎవరికి భయపడి దాచాడో గానీ, ఇన్నాళ్లకు అవి ఓబులరెడ్డి నోట్లో నీళ్లూరించాయి.

అడవిలో ఎలుగుబంట్లుంటాయి, రివాల్వరు సిద్ధం చెయ్యమని బామ్మర్దికి పురమాయించాడు. ఆ బామ్మర్ది సుంకిరెడ్డి, వేటగాళ్ల తుపాకులు బాగుచేసేవాడు. మెత్తని మనిషి. అక్క నాగమ్మ మొహం చూసి బావ ఏం చెప్పినా తలూపుతాడు. రివాల్వరు నలభై అయిదు నంబరుది. యుద్ధం రోజులు కాబట్టి దానికి తూటాలు ఎక్కడా దొరకడం లేదు. కాల్చేసిన పాత ఇత్తడి తొడుగులున్నాయి, మందు ఉంది, గుండ్లే లేవు. దొరికిన సీసపు గుండ్లేమో నలభై నాలుగువి. తొడుగులో కూర్చోబెడితే ముసలాడి పన్నులా కదిలాయి. సుంకిరెడ్డి వాటికి నూనె కాగితం చుట్టి, తేనెమైనంతో అతికించాడు.

"ఇవి వదులు బావా. ఒకటి పేలితే ఆ అదురుకి మిగిలిన గుండ్లు ముందుకు జారి, తూటాల చక్రం తిరక్కుండా పట్టేస్తాయి. రెండోది పేలుతుందని నమ్మకం లేదు" అన్నాడు.

"నాకు ఒక్కటి పేలితే చాల్లేరా" అన్నాడు ఓబులరెడ్డి.

ఎలుగుబంటిని ఒక్క దెబ్బకు పడగొట్టేంత గురి బావకు ఎప్పుడొచ్చిందా అని సుంకిరెడ్డి ఆశ్చర్యపోయాడు. అక్కడితో ఊరుకున్నాడు. ఊరుకోకుండా ఉండాల్సింది.

తెల్లవారగానే బావా బామ్మర్దులు, ఈదన్న ముగ్గురూ బయల్దేరారు. వెదురు పొదలు చొక్కాలు చింపాయి, జోరీగలు చెవుల్లో దూరాయి. వాగులో జారిపడబోయిన ఓబులరెడ్డిని ఈదన్న రెండుసార్లు జుట్టు పట్టి లాగి బతికించాడు. "ఆ చేతులు కడుక్కున్నావా?" అని మాత్రం అడిగాడు ఓబులరెడ్డి. ఎండ నడినెత్తికొచ్చేసరికి కొండ కడుపులో నల్లగా నోరు తెరిచిన గుహ కనిపించింది.

గొయ్యి అంచున ఈదన్న నారతాడు దించి ఆగిపోయాడు.

"నా బామ్మర్ది బయన్నను రానీమంటే రానీకపోతివి రెడ్డీ. మాలో తాడు పట్టేటోడు పెండ్లాం తోడబుట్టినోడే ఉండాల. చెల్లెలు ముండమోస్తాదని వాడు సచ్చినా వదలడు."

"నా బామ్మర్ది ఉన్నాడు కదరా, దిగు!"

"ఆయప్ప నీకు బామ్మర్ది. నాకు కాదు గదా."

సుంకిరెడ్డికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. "వదలను ఈదన్నా, నా మాట నమ్ము" అన్నాడు.

"రాయికి కట్టేద్దాం" అని ఓబులరెడ్డి విసుక్కుంటే ఈదన్న ఒప్పుకోలేదు. కట్టిన తాడు రాతి అంచుకు ఒరిసి తెగుతుంది, పట్టిన తాడైతే మనిషి జరుపుకుంటాడు. అందుకే సుంకిరెడ్డి తాడును రాయికి ఒక్క చుట్టు తిప్పి, కొస చేతిలో పట్టుకుని, కాలు తన్నిపెట్టి కూర్చున్నాడు. ముందు ఈదన్న దిగాడు. తరవాత కాగడాతో ఓబులరెడ్డి దిగాడు.

కాసేపటికి కింద నుంచి కేక. "ఉన్నాయిరా! బిందెలురా సుంకీ, నిండు బిందెలు!"

ఆ వెంటనే గుహ అదిరిపోయేలా తూటా పేలింది. గబ్బిలాలు గుంపులుగా లేచి సుంకిరెడ్డి మొహానికి కొట్టుకున్నాయి. అతను తాడు బిగించి కిందికి తొంగిచూశాడు. కాగడా వెలుగులో ఈదన్న కడుపు పట్టుకుని ముడుచుకుపోతున్నాడు. వదులు గుండు కాబట్టి గుండెకు తగలాల్సింది పొట్టకు తగిలింది. పాపం, చావు కూడా వెంటనే రాలేదు.

"ఎందుకు బావా! ఏం పాపం చేశాడు వాడు?"

"సంతలో నోరు జారినోడు ఇంకోచోట జారడా? తాడు లాగు!"

సారా పోసి నోరు జారేలా చేసింది ఎవరో ఆ పెద్దమనిషికి గుర్తులేదు. సుంకిరెడ్డి కదల్లేదు. తనను పైకి లాగాల్సింది వాడేనని కోపంలో మరిచి, ఓబులరెడ్డి రివాల్వరు పైకెత్తి గురిపెట్టాడు. మీట నొక్కాడు. చక్రం తిరగలేదు. రెండు చేతులతో తిప్పాడు, బండబూతులు తిట్టాడు. గుండ్లు జారి బిగుసుకుపోయాయని పైనున్నవాడికి తెలుసు, కిందున్నవాడికీ గుర్తొచ్చింది.

"ముందు ఈదన్నను తాడుకు కట్టు. ఆయన్ని లాగాకే నిన్ను లాగుతా" అని అరిచాడు సుంకిరెడ్డి. జీవితంలో బావకు అతను ఇచ్చిన మొదటి ఆజ్ఞ అదే.

కింద ఓబులరెడ్డి ఈదన్న మీదికి వంగాడు. తరవాత కాగడా ఆరిపోయింది.

"నూనె అయిపోయిందిరా. కట్టాను, లాగు! పాపం, మూలుగుతున్నాడు."

సుంకిరెడ్డి లాగాడు. అరచేతుల తోలు ఊడుతున్నా లాగాడు. ఈదన్న బక్కపలచటి మనిషి, ఇంత బరువేమిటి? దెబ్బ తిన్నవాడి కాళ్లు గోడను ఇలా తన్నుతాయా? అనుమానం వస్తూనే ఉంది, చేతులు మాత్రం ఆగలేదు. సంతలో చూసిన ఈదన్న పిల్ల మెడలో పూసలు కళ్ల ముందు ఆడుతున్నాయి. గొయ్యి సగం దాటి ఉంటుంది. అప్పుడు అట్టడుగు నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"సుంకిరెడ్డీ... నేనింకా ఈడనే ఉండా..."

సుంకిరెడ్డి చేతులు ఆగిపోయాయి. తాడు మీదున్నవాడికి అది తెలిసిపోయింది.

"ఒరే సుంకీ! వద్దురా! నాగమ్మ ముండమోస్తాదిరా! నీ అక్కరా!"

అక్క మొహం ఒక్క క్షణం కనబడింది. ఆ తరవాత అతను రాయి చుట్టూ ఉన్న తాడు విప్పి వదిలేశాడు.

కేక పొడుగ్గా సాగి తెగిపోయింది. దాని వెనకే తాడు కూడా సర్రున జారి, కొసతో సహా చీకట్లోకి వెళ్లిపోయింది. అప్పుడు తెలిసింది సుంకిరెడ్డికి, తను ఏం చేశాడో. ఈదన్న కింద ఉన్నాడు. ఒక్క తాడే ఉంది, అదీ కిందే ఉంది.

"ఈదన్నా! ఓపిక పట్టు! వస్తా, తాడు తెస్తా!"

ముళ్లు, రాళ్లు చూడకుండా పరుగెత్తాడు. చెంచుల గూడెం చేరేసరికి కాళ్లు నెత్తురోడుతున్నాయి. బయన్న గుడిసె ముందు కొత్త తాడు పేనుకుంటున్నాడు. అక్కడే ఈదన్న భార్య, వరహా పిల్ల. సుంకిరెడ్డి రొప్పుతూ జరిగిందంతా చెప్పాడు. తూటా తనే చేశాననీ చెప్పాడు.

బయన్న లేచి నిలబడ్డాడు. "తాడెవురు పట్టినారు?"

"నేనే."

"ఏదీ, తాడు?"

సుంకిరెడ్డి తోలూడిన అరచేతులు చూపించి ఏడ్చేశాడు.

వాళ్లు గుహకు చేరేసరికి గొయ్యిలో ఏ గొంతూ లేదు. గూడెంవాళ్లు ఈదన్న శవాన్ని మాత్రం పైకి తెచ్చారు. రెడ్డిని, బిందెల్ని ముట్టుకోలేదు. ఆయన అంత మోజుపడ్డ వాటి దగ్గరే ఆయన్ని ఉండనిచ్చారు. శవం కోసం బయన్న గొయ్యిలోకి దిగుతున్నప్పుడు ఒక చెయ్యి వేద్దామని సుంకిరెడ్డి తాడు మీదికి వంగాడు. ఈదన్న భార్య అడ్డం వచ్చి, అతని చేతిని పక్కకు తీసేసి, తాడు తనే పట్టుకుంది.