లేడు అన్న మాట

చెరుకు బండ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ దారి పట్టే వేళకి శారమ్మ పొయ్యి మీది జావ దించి, మంచం పక్కన కూర్చుంది. మంచం మీద ఆమె భర్త జీవరాజు. రెండేళ్ల కింద బండి బోల్తాపడి నడుము విరిగినప్పటి నుంచి ఆయనకు మంచమే ఊరు, మంచమే వాడ. ఇల్లు శారమ్మ చేతికుట్టు మీద నడుస్తోంది. నడుస్తోంది అనడం కన్నా కుంటుతోంది అనడం నిజం.

"యేసమ్మ బాపూ, బ్లాకు ఆఫీసుల నుంచి కాగితమొచ్చింది. సదువు!" భర్త పేరు ఆమె ఏనాడూ పలకలేదు; కూతురి పేరు కలిపే పిలిచేది.

ఆడవాళ్ల చిన్న వ్యాపారాలకు సర్కారు గ్రాంటు ఇస్తోందని పాత పేపర్లో చదివి చెప్పింది జీవరాజే. కుట్టుమిషన్ వస్తే ఇంటి ముందరే రవికెల దుకాణం పెట్టొచ్చన్నాడు. శారమ్మ పక్కింటి భీమవ్వను తోడు తీసుకుని, చెప్పులరిగేలా తిరిగి దరఖాస్తు రాయించింది.

చర్చి బడిలో చదువుకున్న జీవరాజు కాగితం విప్పాడు. "మంజూరైందే!" అని నవ్వాడు. కింది వరుస చదవగానే ఆ నవ్వు ఆగిపోయింది.

"ఏందయ్యా?"

"కీర్తిశేషులు జీవరాజు భార్య శారమ్మకు, వితంతువుల కోటా కింద..." "నేను సచ్చిన్నని రాయించినవా? మిషన్ కోసం నన్ను బొంద పెట్టినవా?"

"దేవుని తోడు, నేనట్ల అనలే!" శారమ్మ బావురుమంది. "గుమస్తా సారు నీ మొగని పేరేందని అడిగిండు. మొగని పేరు నోటితోని ఎట్ల చెప్త? తల వంచుకున్న. లేడా అన్నడు. నువ్వు నా ఎంబడి రాలేదు గద, లేడు సారూ అన్న. పేరు భీమవ్వ చెప్పింది."

బొట్టు లేని క్రైస్తవ ఇల్లాలి నుదురు, భర్త పేరు పలకని నోరు, లేడు అన్న ఒక్క మాట. తలెత్తి రెండో ప్రశ్న అడిగే ఓపిక లేని గుమస్తాకు అవి చాలు.

జీవరాజు గోడవైపు తిరగబోయాడు. నడుము తిరగనియ్యలేదు.

"ఉండనియ్యి," అన్నాడు. "బతికుండి నేను పెట్టింది లేదు. సచ్చినోని పేరు మీదనన్న ఇంట్ల పొయ్యి మండనియ్యి. పోయి తెచ్చుకో."

తిట్టినా బాగుండేది. ఆ మాటకు శారమ్మ ముద్ద ముట్టలేదు.

మర్నాడు ఆమె ఒక్కతే ఆఫీసుకు వెళ్లింది. "సారూ, తప్పు వడ్డది. నా మొగడున్నడు."

"ఉంటే ఈ కోటాల రాదమ్మా. మల్ల దరఖాస్తు పెట్టి ఏడాది ఆగాలె. ఆలోచించుకో."

"ఆగుత. ముందుగాల మా ఆయన్ని బతికించున్రి."

"పేరు?"

పక్కన భీమవ్వ లేదు. శారమ్మ కళ్లు మూసుకుంది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో పెదవి దాటని పేరు, ఆఫీసంతా వినేలా వచ్చింది. "జీవరాజు!"

వట్టి చేతులతో ఇల్లు చేరింది.

"మిషనేదే?"

"నువ్వున్నవని చెప్పొచ్చిన."

జీవరాజు ఆమె వైపే చూశాడు. "నా పేరు నువ్వే చెప్పినవా? ఏదీ, మల్లొక్కసారి అను."

శారమ్మ కొంగు అడ్డం పెట్టుకుని మెల్లగా అంది. ఇద్దరికీ ఏడుపాగలేదు. కొత్త దరఖాస్తు జీవరాజే, పడుకున్న చోటే రాశాడు.

మళ్లీ చెరుకు కోతలకు కాగితం వచ్చింది. యేసమ్మ కూడబలుక్కుని చదివింది, "జీవరాజు భార్య శారమ్మకు..." ఈసారి ఆ పేరు ముందు 'కీర్తిశేషులు' లేదు. కానీ జీవరాజు అంతకుముందు వానాకాలంలోనే పోయాడు.

యేసమ్మను తోడు తీసుకుని వెళితే, ఆఫీసులో అదే గుమస్తా. మిషన్ అప్పజెప్పుతూ, పోయినేడాది సంగతి గుర్తుకొచ్చి, "కాగితంల అంత సరిగ్గున్నదా అమ్మా? ఏమన్న దిద్దాల్నా?" అన్నాడు.

కూతురు చూపించిన పేరు మీద శారమ్మ వేలు పెట్టింది.

"దిద్దకు సారూ," అంది. "గట్లనే ఉండనియ్యి."