దిమ్మ పట్టినవాడు

ఇందా అనే పేట దాటాక నూకరాజు షెడ్డులో ఓ పాత విమానాన్ని హోటల్‌గా మారుస్తున్నారు. మా బావ హెన్రీ అక్కడ పనిచేస్తూనే కనబడకుండా పోయాడు. డ్రిల్లు మిషను ఎత్తుకుపోయాడని నూకరాజు గోల్‌బజార్ అంతా చాటాడు. మా అక్క సూసన్నకి దొంగవాడి పెళ్లామన్న పేరు పడింది. చర్చికి వెళ్లడం కూడా మానేసింది.

"తమ్ముడూ, ఆయన బతికినా సచ్చినా సరే, దొంగ కాడని తేలితే సాలు," అంది.

బావ ఆఖరున మూసిన తోక భాగాన్ని విప్పే పని ఉందని తెలిసి, నేనే అడిగి చేరాను. లోపల ఏదో ఒక ఆనవాలు దొరక్కపోతుందా అని.

"సొట్ట పడకూడదు ఏబెల్. లైట్లు పెట్టినాక మళ్లీ ఇదే రేకు బిగించాల," అన్నాడు నూకరాజు.

ఆదివారం మధ్యాహ్నం. బయట వాన. షెడ్డులో మసక చీకటి, తడి ఇనుము వాసన. నేనొక్కణ్ణే ఉన్నాను.

రేకును బిగించిన రివెట్ మేకు తల నడుమ పంచ్‌తో గుంట పెట్టి, తల మందం వరకే డ్రిల్ వేశాను. తల ఊడింది. మిగిలిన కాడను లోపలికి కొట్టాలి. రివెట్ బిగించేటప్పుడైనా తీసేటప్పుడైనా, లోపల ఒకరు ఇనుప దిమ్మ ఆనించి పట్టాలి. లేకపోతే రేకు సొట్టపోతుంది. ఈ తోకలోకి వేరే దారి లేదు. భయపడుతూనే కొట్టాను.

రేకు కదల్లేదు. వెనక ఎవరో దిమ్మ ఆనించినట్టే గట్టిగా నిలబడింది.

టక్... టక్.

లోపల్నుంచి.

రెండు దెబ్బలంటే బాగుంది, ఇంకోటి కానీ అని. మూడంటే ఆపు, చెడింది అని. ఆ సైగలు నాకు నేర్పింది బావే.

"బావా..." అన్నాను గుసగుసగా.

టక్... టక్.

ఏడుస్తూనే ఒక్కో రివెట్టూ తీశాను. ప్రతిసారీ అదే జవాబు. ఆఖరుది ఊడగానే రేకు పక్కకు లాగి టార్చి వేశాను.

ఎవరూ లేరు. దిమ్మ ఒక్కటే పడుంది. తీసి పట్టుకుంటే వెచ్చగా ఉంది...

వెనక నుంచి నూకరాజు గొంతు. "దిమ్మ ఒగ్గేసినాడా? డ్రిల్లు మాత్రం మరిసిపోలేదు నీ బావ!"

ఒళ్లు మండిపోయింది. మర్యాద మరచి అడిగేశాను.

"ఆఖరి రివెట్‌కి లోపల దిమ్మ పట్టింది బావ. బయట రివెట్లు కొట్టే గన్ పట్టింది నువ్వేనని నువ్వే సెప్పినావు. మరి బావ బయటికెలా వచ్చినాడు?"

అతని నవ్వు ఆగింది. రేకును తిరగేసి తడిమాడు. ఒక్క సొట్టా లేదు.

"బాగా తీసినావు," అన్నాడు మెల్లగా. "ఇది రేపు బిగించాల. గన్ నేను పడతాను. నువ్వు లోపల కూకో."

దిమ్మ నా చేతిలోనే ఉంది. అయినా ఖాళీ తోకలోంచి చప్పుడు వచ్చింది.

టక్... టక్... టక్.