జిగురు పట్టిన తలుపు పిడి

పిల్లలూ, ఎండలో మరిచిపోయిన రబ్బరు చెప్పు ఏమవుతుందో ఎవరు చెప్తారు?

మెత్తబడి అంటుకుంటుంది, అంతే కదా! ఖరీదైన కార్లలో చేతికి మెత్తగా తగలాలని తలుపు పిడికీ, మీటలకీ రబ్బరులాంటి పూత వేస్తారు. ఏళ్లు గడిచి ఎండలు తగిలితే ఆ పూత చెడి బంకవుతుంది. ఇంతవరకూ సైన్సు. ఇక మీద నేను చెప్పేదానికి సైన్సు లేదు.

2007 వేసవి. ఎర్రగుంట్లలో ఓబుళేశు అనే అతను కార్ల లోపలి పని చేసేవాడు. కర్నూలు బట్టల వ్యాపారి వేణుగోపాల్ ఒక ఎర్రటి రెండు సీట్ల కారును లారీ మీద పంపాడు. చూస్తే ఇప్పుడే దూకేటట్టుంది. లోపల చెయ్యి పెడితే మాత్రం ఎక్కడికక్కడ నల్లటి జిగురు.

"ఇంత మంచి కారును ఆరేండ్లు మూలన పెడతారా ఎవరన్నా?" అన్నాడు ఓబుళేశు.

పక్క షెడ్డు దాసన్న గొంతు తగ్గించాడు. "ఆ వేణుగోపాల్ చెల్లెలు సుచరిత దీంట్లోనే పోయిందప్పా. ఇంట్లో అలిగొచ్చి కూర్చుందంట. తలుపు తెరుచుకోలే. మే నెల, మిట్టమధ్యాహ్నం... సాయంత్రం చూసినారు."

"అలిగినోళ్లందరూ దెయ్యాలైతే నా పెండ్లాం తిరుపతమ్మ ఎప్పుడో అయ్యుండేది!" అని నవ్వేశాడు ఓబుళేశు.

లోపలి తలుపు పిడి మీద నాలుగు వేళ్ల గుర్తులున్నాయి. లోతుగా, లాగి లాగి వదలనట్టు.

ఎర్రగుంట్లలో ఒక ఇబ్బంది ఉంది... సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము. బంక మీద ఆ దుమ్ము పడిందంటే రాయే. అందుకని ఓబుళేశు జిగురు వస్తువులను విప్పి, ఇంటికి తెచ్చుకుని, కిటికీలు మూసి స్పిరిటు గుడ్డతో తుడిచేవాడు. ఈ పిడినీ అట్లే తెచ్చాడు. తప్పంతా అక్కడే జరిగింది.

గుడ్డ నల్లబడింది. పూతంతా పోయి పిడి గరుగ్గా, పొడిగా తేలింది. వేళ్ల గుర్తులు మాత్రం పోలేదు. గదిలో వేడెక్కిన రెగ్జిను వాసన. దాని అడుగున, వాడిన మల్లెపూల వాసన.

ఆ సాయంత్రం ఆరేళ్ల కూతురు శివాని కుడి చెయ్యి సగం మూసుకుని తిరుగుతోంది.

"చేతిలో ఏముండాదే పాపా?"

"ఏం లేదు నాయనా. అక్క పట్టుకుండాది. వదల్లేదు."

"ఏ అక్క?"

"చెమట పట్టిన అక్క."

వేళ్లు విప్పి చూశాడు. అరచేయి జిగురు. సబ్బుతో కడిగాడు, కొబ్బరినూనె రాశాడు. పోలేదు. తెల్లారేసరికి పాప ఒళ్లు పెనంలా కాలిపోయింది. ఎండదెబ్బ అన్నాడు డాక్టరు. మూడు రోజులైనా జ్వరం దిగలేదు. పెదాలు పగిలాయి.

"నాయనా... కిటికీ తియ్యి..."

కిటికీ తెరిచే ఉంది.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం ఓబుళేశు పిడి తీసుకుని షెడ్డుకు పరుగెత్తాడు. దాసన్న అన్నానికి పోయాడు. ఓబుళేశు కార్లో కూర్చుని, పిడి బిగించి చేతులు జోడించాడు.

"తల్లీ, నీది నీకు పెట్టినా. నా బిడ్డను వదులు. కావాలంటే నేనుంటా."

బార్లా తెరిచిన తలుపు... మెల్లగా మూసుకుంది. టక్.

పిడి పట్టి లాగాడు. పొడిగా ఉండిన పిడి... మెత్తగా... వేళ్లకు చుట్టుకుంది.

సరిగ్గా అప్పుడే ఇంట్లో శివాని లేచి కూర్చుని నీళ్లడిగింది. ఒళ్లు చల్లబడింది. చేతి జిగురు పోయింది. సాయంత్రం తిరుపతమ్మ ఆ మాట మొగునికి చెప్పాలని ఏడుస్తూ, నవ్వుతూ షెడ్డుకు పోయింది. ఆమె వేలు తగలగానే కారు తలుపు తెరుచుకుంది.

లోపల పిడికి అతుక్కుని బిగుసుకుపోయిన ఆయన వేళ్లను స్పిరిటు పోసి విడదీశారు.

ఆయన కర్మ నాడు, పదకొండో రోజు, శివాని కుడి చెయ్యి మళ్లీ సగం మూసుకుంది. తిరుపతమ్మ ఆ చేతిని పట్టుకుని చూసింది. "ఆ యమ్మ ఇంకా వదల్లేదా పాపా?"

"అక్క ఎప్పుడో పోయిందిమ్మా. ఇప్పుడు నాయన పట్టుకుండాడు." పాప గుసగుసగా అంది. "శానా వేడిగా ఉండాడు."

జూన్‌లో బడి తెరిచాక ఆ చెయ్యి పట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించిన టీచరును నేనే.

సరే, పడుకోండి. వంటింటి తలుపు గొళ్లెం మీది జిగురు సగం తుడిచి వచ్చాను. పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. ఇనుప గొళ్లానికి ఏ పూతా ఉండదు కదా...