బరువు పడ్డాకే బిగించాలి

అమ్మ పోయిన నెలకి నాన్న కారు కింద దూరాడు. ముందు చక్రాల దగ్గర రబ్బరు బుష్‌లు అరిగిపోయి, గుంత వచ్చినప్పుడల్లా బండి లొటలొటమనేది. "ఏవండీ, ఈ చప్పుడు బండిలోంచా, నా నడుములోంచా?" అని అమ్మ ఏళ్ళ తరబడి అడిగింది. నాన్న రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చాడు. ఆఖరిసారి ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడూ దారంతా అదే చప్పుడు. కుదుపు కుదుపుకీ అమ్మ పళ్ళు బిగబట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేశాను.

సాయంత్రమే అయినా మబ్బుకి షెడ్డంతా చీకటి. వాన వాసన, గ్రీజు వాసన. నాన్న టార్చి వెలుగులో పాత బుష్‌లు ఊడగొట్టి కొత్తవి ఎక్కించాడు.

"ఇంక బిగించేస్తే అయిపోతుందిగా నాన్నా," అన్నాను.

"చక్రం గాల్లో ఉండగా బిగించకూడదమ్మా. మనిషి బరువు పడ్డాకే బిగించాలి. ఏ బరువులో బిగిస్తే రబ్బరు ఆ బరువుకే అలవాటు పడుతుంది." చక్రాల కింద దిమ్మలు పెట్టి జాకీ దించాడు. "ఎప్పుడూ నా పక్కన మీ అమ్మ కూర్చునేది..." పానా చేతిలోకి తీసుకున్నాడు. "నువ్వెళ్ళి ఆ సీట్లో కూర్చో. కూర్చున్నాక చెప్పు." మళ్ళీ బండి కిందికి దూరాడు.

నా చేతులనిండా గ్రీజు. అమ్మ సీటుకి అంటించడం ఇష్టం లేక ముందు షెడ్డు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళాను. సబ్బు రుద్దుకుంటుంటే వానలోంచి నాన్న గొంతు వినిపించింది.

"ఆఁ, చాలు. కదలకు."

పానా కిరకిరలాడింది. తనలో తనే మాట్లాడుకుంటున్నాడనుకున్నాను.

తిరిగొచ్చేసరికి బండి అమ్మ సీటు వైపు ఒరిగి ఉంది. తలుపు వేసే ఉంది. లోపల ఎవరూ లేరు... సీటు మాత్రం దిగి ఉంది. మనిషి కూర్చున్నంత.

"నాన్నా," అన్నాను మెల్లగా. "నేనింకా కూర్చోలేదు."

పానా ఆగిపోయింది.

బండి కిందినుంచి గుసగుసగా...

"మరి... 'కూర్చున్నాను, బిగించండి' అన్నావుగా."

బుద్ధెరిగాక నాన్నని నేనేనాడూ 'అండి' అనలేదు. మా ఇంట్లో ఆయన్ని అలా పిలిచిన మనిషి ఒక్కతే.

వంగి చూస్తే నాన్న మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు.

"కొంచెం ఓర్చుకోవే," అంటున్నాడు. "అయిపోవచ్చింది. ఇంక నొప్పుండదు."

మిగిలిన బోల్టు కూడా బిగించాడు.

ఆ తర్వాత బండి ఎప్పుడూ చప్పుడు చెయ్యలేదు. నాన్న రోజూ దాన్ని ఊరిమీదికి తిప్పుకొచ్చేవాడు. నేను వస్తానంటే వెనక కూర్చోమనేవాడు. షెడ్డులో ఊరికే నిలబెట్టినా బండి అమ్మ వైపే ఒరిగి ఉండేది. నేనటు చూడడం మానేశాను.

ఈ ఉదయం చూపు పడింది. బండి తిన్నగా ఉంది. హమ్మయ్య అనుకుంటూ దగ్గరికి వెళ్ళాను. అమ్మ వైపు లేవలేదు... డ్రైవరు వైపు కూడా దిగింది. లోపల ఎవరూ లేరు.

రోజూ నాకంటే ముందే లేచే నాన్న ఇంకా లేవలేదు. కాఫీ పట్టుకుని ఆయన గది ముందు నిలబడి ఉన్నాను. అది చల్లారిపోయింది. తలుపు తట్టడానికి చెయ్యి రావడం లేదు.