ఏనుగు ముందు బంటు

జూన్ రెండు. ఆ పొద్దున కోరుట్లలో రజని బియ్యప్పిండితో కాల్చిన సర్వప్ప, పెరుగు తిని సిరిసిల్ల బస్సెక్కింది. సర్వప్ప కాస్త మాడింది. భర్త మాడిన ముక్క తన పళ్లెంలో వేసుకుని, మంచిది ఆమెకు పెట్టాడు.

సిరిసిల్లలో మహిళల చదరంగం పోటీ. చివరి ఆటలో ఎదురుపడింది తమ్ముడి భార్య సరిత. ఆమెను జగిత్యాల నుంచి వెంటబెట్టుకొచ్చింది రజని కన్నతండ్రి నర్సన్నే. ఆటగాళ్ల చుట్టూ కట్టిన తాడుకవతల ఆయన కోడలి వైపే నిలబడ్డాడు. కోడలి నీళ్ల సీసా ఆయన చేతిలోనే ఉంది.

తెల్లకాయలు సరితవి. మొదటి ఎత్తుగా ఆమె ఏనుగు ముందున్న బంటును జరిపింది. పక్క బల్ల అమ్మాయి నవ్వాపుకుంది. అలా ఎవరూ మొదలుపెట్టరు. రజని మాత్రం ఆ బంటునే చూసింది. చిన్నప్పుడు "ఏనుగుకు తొవ్వ కావాలె బాపూ" అని తాను కనిపెట్టిన ఎత్తు అది. తండ్రి దిద్దలేదు. "గిది మనిద్దరిదే బిడ్డా" అన్నాడు.

ఆట నడుమ, ఆ కోపంలోనే రజని చూసుకోకుండా మంత్రిని పట్టుకుంది. ముట్టిన కాయనే ఆడాలి. మంత్రి పోయింది, ఆటా పోయింది.

సాయంత్రం ముగ్గురూ జగిత్యాల ఇంటికి చేరారు. అన్నాలయ్యాక తండ్రి పెరట్లోకి వెళ్లగానే రజని ఆగలేకపోయింది.

"కప్పు కొట్టినవు, సంబురమేనా? ఇల్లు నీదే, బాపు నీతోనే. గా ఒక్క ఎత్తన్న నాకు ఇడిసిపెట్టకపోతివి!"

"నేనడిగిన్నా వదినా?" సరిత గిన్నెలు దబ్బున పెట్టింది. "గా బంటు జరపకుంటే మామ ఆటనే మొదలువెట్టడు. మీదికెళ్లి 'నీ వంతు రజనీ' అంటడు. గియ్యాల గూడ చెయ్యి అలవాటుగ గదే జరిపింది. పెండ్లై వచ్చినకాంచి నీ జాగల కూసుంటున్న. ఒక్కనాడన్న సరితా అంటడేమోనని చూస్తున్న. నిన్ను జూస్తే నాకెంత కుళ్లో నీకెర్కనా?"

 తన కుర్చీ ఎవరో లాక్కున్నారని రజని ఇన్నాళ్లూ కుమిలింది. అందులో కూర్చున్న మనిషిని ఎవరూ చూడలేదని అప్పుడు తోచి, కళ్లు నిండాయి.

నర్సన్న పెరటి గడప దగ్గరే ఆగిపోయి ఉన్నాడు.

"నోటికి గదే పేరు అలవాటాయె, కోడలా..."

"కోడలేంది బాపూ? గామె పేరు సరిత."

ఆయన చదరంగం పలక తెచ్చి కాయలు పేర్చి, తెల్లవి కోడలి వైపు తిప్పాడు. "నీకు నచ్చినట్టు ఆడు... సరితా."

సరిత కాసేపు చూసి, రాజు ముందున్న బంటును రెండు గళ్లు జరిపింది.

"అబ్బో!" నర్సన్న ముందుకు వంగాడు. "గిప్పుడు నేనేం ఆడాలె?"

రజనికి ఇంకా ఎక్కడో చురుక్కుమంది. అయినా లేచి వెళ్లి, వాళ్ల ధ్యానం చెదరకుండా వీధి తలుపు మెల్లగా మూసి, రాత్రికి గొళ్లెం పెట్టింది.