రెండు మెట్ల కింద

సర్వశ్రుతి సార్వభౌముడు, విశాఖ పెళ్ళి పందిళ్ళ ఆస్థాన విద్వాంసుడు, ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటరు అయిన బెన్సన్, తన జీవితంలో అతి ముఖ్యమైన స్త్రీ ఎదుటికి వచ్చిన క్షణంలో ఆవలిస్తున్నాడు.

తప్పు అతనిది కాదు. తెల్లవారి ఆరింటికి షిఫ్టు దిగి, కూర్మన్నపాలెంలో బస్సెక్కి, కీబోర్డును పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వన్ టౌన్ చర్చికి చేరాడు. అక్కడ ఎవరిదో పెళ్ళి. వధువు తరఫువారు ఫిడేలు వాయించే అమ్మాయిని కూడా పిలిపించారు.

"ఏ శ్రుతండి?" అని అడిగింది ఆ అమ్మాయి, కమాను చేతిలోకి తీసుకుంటూ.

"సి," అన్నాడు బెన్సన్, ఆవలింతను మధ్యలో తెంపి.

ఇక్కడ ఒక రాజరహస్యం విప్పక తప్పదు. ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా రెప్పపాటులో అందుకుంటాడని అతనికి 'ఆల్ స్కేల్ బెన్సన్' అని బిరుదు. నిజానికి అతనికి వచ్చింది సి స్కేలు ఒక్కటే. మిగిలిన పదకొండు శ్రుతులనూ అతని పేరు మీద కీబోర్డులోని ఒక చిన్న మీట పాలిస్తూ ఉండేది. దాన్ని నొక్కితే, వేళ్ళు పాత మెట్ల మీదే నడుస్తుండగా నాదం మాత్రం పైకో కిందికో జరిగిపోయేది. పద్నాలుగేళ్ళుగా ఆ మీట సేవకుడిలా పనిచేసింది, అతను చక్రవర్తిలా నమస్కారాలు అందుకున్నాడు.

ఆ రోజు వరుడి పెద్దత్త ఒక పాట పాడింది. ఆవిడ గొంతుకు తగ్గట్టు బెన్సన్ మీటను మూడు మెట్లు దించాడు. పాట అయింది, చప్పట్లు అయ్యాయి, అతనికి కునుకు పట్టింది. తలుపు దగ్గర వధువు ప్రత్యక్షం కాగానే ఉలిక్కిపడి లేచి వాయించాడు. ఫిడేలు సి లో మొదలైంది. కీబోర్డు మూడు మెట్ల కింద మొదలైంది. రెండు శ్రుతుల మధ్య ఏ కాలు ముందు వేయాలో తెలియక వధువు ఆగిపోయింది.

ఫిడేలు అమ్మాయి అతని వైపు ఒక్క చూపు చూసింది. రెండో చరణానికల్లా వేళ్ళు కిందికి జార్చి అతనితో కలిసిపోయింది. వధువు కదిలింది. పెళ్ళి దక్కింది.

బిరియానీ పళ్ళాల దగ్గర ఆమె అతన్ని పట్టుకుంది.

"ఏటండి మాస్టారూ, సి అని సెప్పి మూడు మెట్లు కిందికి దూకీసినారు? ముందో మాట సెప్తే నానూ దూకుదును కదా?"

"కేబుల్ లూజండి."

ఆమె కీబోర్డు వైపు చూసింది. దాని చిన్న తెర మీద ఏవో అంకెలు వెలుగుతున్నాయి. టైము చూసుకుంటోందనుకున్నాడు బెన్సన్.

"అలాగేటండి," అంది. "ఈ మద్దిన కేబుళ్ళకి తెలివి మీరిపోనాది. లెక్కగా మూడు మెట్లే లూజవుతన్నాయి."

ఆమె పేరు జ్యోతిర్మయి. మాడుగుల వైపు రైతుల ఇంటి పిల్ల. కర్ణాటక సంగీతంలో డిప్లొమా చేసి, వారమంతా పోర్టు దగ్గర కంటైనర్ యార్డులో లారీల నంబర్లు కంప్యూటర్లోకి ఎక్కిస్తూ, సెలవు రోజుల్లో పెళ్ళిళ్ళకు వాయిస్తుంది. కంచరపాలెంలో పిన్ని సన్యాసమ్మ ఇంట్లో ఉంటుంది. ప్రేమించడానికి కావలసిన తీరిక అతనికెంత లేదో ఆమెకూ అంతే లేదు.

వీరిద్దరినీ మళ్ళీ కలిపిన ఘనత ఆరోగ్యమ్మ టీచరుది. ఆవిడ నలభై ఏళ్ళు ఆ చర్చిలో కాళ్ళతో తొక్కి ఊపిరి పోసే పాత ఆర్గన్ వాయించింది. ఇప్పుడు వేళ్ళు కొంకర్లు పోయాయి. బెన్సన్ చిన్నప్పుడు ఆవిడ వెనక బల్ల మీద కూర్చుని, విని, సంగీతం దొంగిలించాడు. ఆ దొంగతనంలో అతనికి దొరికింది సి స్కేలు వరకే.

"ఒరే బెన్సనూ, చర్చి వార్షికోత్సవానికి బాఖ్ కీబోర్డు కాన్సర్టో వినాలిరా నాను. మూడు భాగాలూ నీవల్ల కాదు. మద్దిలో నెమ్మదిగా నడిచే భాగం ఒక్కటీ వాయించు."

"కాన్సర్టో అంటే ఆర్కెస్ట్రా ఉండాలి కదా టీచర్?"

"ఆ ఫిడేలు పిల్ల లేదేటి?"

ఆ విధంగా, పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ వాద్యబృందం యావత్తూ ఒక్క జ్యోతిర్మయి రూపంలో అవతరించింది.

"బాఖ్ కాలం దాకా ఈ కీబోర్డు పెట్టె ఎనకాల కూకుని అందరికీ ఊతం ఇచ్చేదిరా, అచ్చం నీలాగ," అంది ఆరోగ్యమ్మ. "ఆయనే దాన్ని తీసుకొచ్చి ముందు కుర్చీలో కూకోబెట్టేడు."

బాఖ్ చరిత్ర విన్నకొద్దీ బెన్సన్‌కు ఆ మహానుభావుడు తమ షిఫ్టులోనే పనిచేసినట్టు అనిపించసాగింది. లీప్‌జిగ్ నగరంలో ఇరవై ఏడేళ్ళ కొలువు. ఆదివారాలకు చర్చి సంగీతం, బడిపిల్లలకు పాఠాలు, పై అధికారులతో పేచీలు, ఇంటినిండా సంతానం. ఇవి చాలనట్టు శుక్రవారం సాయంత్రాలు ఒక కాఫీ హోటల్లో కచేరీలు. కొత్తవి రాసే వ్యవధి లేకనో ఏమో, పూర్వం ఇతర వాద్యాలకు కట్టినవాటినే తీసి కీబోర్డుకు మార్చి రాసుకున్నాడట.

"ఎప్పుడు పడుకునేవోడు టీచర్?" అని అడిగాడు బెన్సన్. అతనికి కలిగిన ఏకైక సంగీతశాస్త్ర సందేహం అదే.

కీబోర్డు కాన్సర్టోలో ఆ భాగం బి ఫ్లాట్‌లో ఉంది. బెన్సన్ రికార్డింగు విని, దాన్ని తన సి స్కేల్లో నేర్చుకుని, మీటను రెండు మెట్లు దించాడు. ప్రపంచానికి బి ఫ్లాట్ వినిపించింది.

రిహార్సల్సు బుధవారం సాయంత్రాలు సన్యాసమ్మ ఇంటి వరండాలో. పక్కనే రైలు పట్టాలు. గూడ్సు వచ్చిందంటే బాఖ్ అయినా సరే ఆగవలసిందే. యాభై ఎనిమిది పెట్టెలు వెళ్ళేవరకు మాట వినపడదు కనుక ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చునేవారు. మొదటి వారం పది పెట్టెలకే జ్యోతిర్మయి చూపు తిప్పుకుంది. మూడో వారానికి గార్డు పెట్టె దాకా తిప్పుకోలేదు. బెన్సన్ మాత్రం ఇరవయ్యో పెట్టె దగ్గర నిద్రపోయాడు.

"నిద్రమొకం గుంటడు," అంది సన్యాసమ్మ, టీ గ్లాసు అతని పక్కన టక్కుమని పెట్టి. "ఈడు క్రేను ఎలా తిప్పుతన్నాడో గానీ, ఆ కింద నిలబడినోల్లకి దండం పెట్టాల."

"చర్చిలో ఆ పెద్ద ఆర్గన్ ఉంది కదండి, దాని మీద ఎందుకు వాయించరు?" అని ఒక బుధవారం అడిగింది జ్యోతిర్మయి.

ఆ ఆర్గన్‌కు మీట లేదు. అదే దాని మహాపరాధం.

"దానినిండా దుమ్మండి. నాకు దుమ్ము ఎలర్జీ."

"ఉక్కు ఫ్యాక్టరీలో దుమ్ముండదేటండి?"

"అది... వేరే రకం దుమ్మండి."

ఆమె నవ్వలేదు. తీగ మీద జారకుండా కమానుకు రోజనం రాసుకుంటూ, తల ఎత్తకుండా అంది. "సోమారం సోడవరం నుంచి నన్ను సూసుకోడానికి వత్తన్నారు. అబ్బాయికి షుగర్ ఫ్యాక్టరీలో పని. పిన్ని టిఫినీలకి కూడా సెప్పీసింది. ఆదోరం లోపల ఎవరైనా ఏదైనా సెప్పాలనుకుంటే సెప్పొచ్చు. నాకు మాత్రం దాపరికాల మనిషి వొద్దండి."

చెప్పాలని బెన్సన్ నోటిదాకా వచ్చింది. ప్రేమ సంగతి చెప్పాలంటే ముందు మీట సంగతి చెప్పాలి. అన్ని శ్రుతులూ చేతిలో ఉన్నవాడని నమ్మి కదా ఈమె తనతో కూర్చుంటున్నది? నిజం తెలిస్తే ఫిడేలు సర్దుకుని వెళ్ళిపోతుంది. చెప్పకపోతే సోమవారం వెళ్ళిపోతుంది. ఇంత కష్టమైన లెక్క తేల్చే ఓపిక లేక, అలసిన మనిషి ఏం చేస్తాడో అతనూ అదే చేశాడు.

"ఆదివారం వార్షికోత్సవంలో కాస్త నెమ్మదిగా ఎత్తుకుందామండి," అన్నాడు.

జ్యోతిర్మయి అతన్ని చాలాసేపు చూసింది. ఈసారి గూడ్సు కూడా లేదు.

ఆదివారం మధ్యాహ్నం నుంచి వాన. సముద్రం మీదనుంచి వచ్చి, పోర్టు క్రేన్లను తుడిచేసి, వన్ టౌన్ సందుల్లో ఆటోలను ఎక్కడివక్కడ ఆపేసింది. సాయంత్రం ఐదింటికి చర్చి సగం నిండింది. ముందు వరసలో ఆరోగ్యమ్మ. ఆఖరి బల్ల మీద, తడిసిన చీరకొంగు పిండుకుంటూ సన్యాసమ్మ. పాస్టరు గారు 'బాఖ్ మహాశయుని కీబోర్డు కాన్సర్టో' అని ప్రకటించడం, కరెంటు పోవడం ఒక్కసారే జరిగాయి. ఇన్వర్టరు ఒకసారి కూసి ఊరుకుంది.

"దిగులేటి?" అన్నారు పాస్టరు గారు ఉత్సాహంగా. "మన ఆర్గన్ ఉండనే ఉంది! దానికి కరెంటుతో పనేటి?"

నలుగురు పట్టి ఆర్గన్ మీది గుడ్డ తీశారు. బెన్సన్ దాని ముందు, ఉరికంబం ఎక్కినవాడికి తగిన హుందాతనంతో కూర్చున్నాడు. వాన హోరులో పక్కకు వంగి, జ్యోతిర్మయి ఒక్కదానికే వినబడేలా అన్నాడు.

"నాకు దుమ్ము ఎలర్జీ లేదండి. కేబుల్ కూడా ఎప్పుడూ లూజవలేదు. నాకు సి ఒక్కటే వచ్చు. మిగతాదంతా ఆ మీటే. ఇప్పుడు నాను వాయిస్తే సి లోనే వస్తాది. పద్నాలుగేళ్ళుగా అందరికీ ఇదే అబద్ధం. మీకు సెప్పడానికే భయమేసింది. ఎందుకంటే... మీరు సోమారం ఎవరికీ కనపడకూడదని నాకున్నాది. పాస్టరు గారికి నానే సెప్పి లేచిపోతాను. మీరు ఒక్కరే వాయించండి."

జ్యోతిర్మయి ఫిడేలు బిరడాలు తిప్పడం మొదలుపెట్టింది.

"ఏటి సేస్తన్నారు?"

"రెండు మెట్లు పైకి బిగిస్తన్నాను. సి కి."

"మీకు కోపం రాలేదా?"

"ఆ పెళ్ళిలోనే వచ్చీసింది, పోయీసింది కూడాను. మీ పెట్టె తెర మీద మైనస్ మూడు అని ఇంతింత అంకెలుంటే, నాకు సదువు రాదనుకున్నారేటి? లారీ నంబర్లు సదివి బతికేదాన్ని." ఆమె తీగ మీటి, చెవి దగ్గర పెట్టుకుంది. "మా సంగీతంలో 'స' ఎక్కడ పెట్టుకుంటే అక్కడేనండి. పాడేవోళ్ళు పైకెళ్తే పైకి, కిందికొస్తే కిందికి. అందులో సిగ్గేటున్నాది? మీరు సెప్తారేమోనని రెండు నెలలు కాసుకున్నాను. ఆఖరికి కరెంటు పోతే గానీ నోరు పెగల్లేదు. కానీండి, తొక్కండి."

అతను తొక్కాడు. ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము ఒకసారి దగ్గి, ఆర్గన్ ఊపిరి పీల్చుకుంది. బరువైన అడుగులు కింద, వాటి మీద ఎక్కడికీ తొందరలేని పాట. రోజంతా పనిచేసి ఇంటికి నడిచివచ్చే మనిషిలా ఉంది ఆ సంగీతం. ఫిడేలు ఒకసారైనా అతన్ని దాటి ముందుకు వెళ్ళలేదు. అతని జీవితంలో మొదటిసారి, బెన్సన్‌కు ఎవరో ఊతమిచ్చారు. ఇంకో వింత, వాయించినంతసేపూ అతనికి నిద్ర రాలేదు.

అయిపోయాక ఆరోగ్యమ్మ కర్ర ఊతంతో లేచి వచ్చింది. వేళ్ళు కొంకర్లు పోయినా గొంతు పదును తగ్గలేదు.

"ఒరే, బి ఫ్లాట్ కదరా ఇది? సి లో ఎందుకు వాయించేవు?"

"నాకు అదొక్కటే వచ్చు టీచర్," అన్నాడు బెన్సన్. రెండోసారి చెప్పడం అంత కష్టంగా లేదు.

ఆరోగ్యమ్మ అతన్ని ఎగాదిగా చూసి, ఆర్గన్ మీద చెయ్యి ఆనించింది.

"బాఖ్ ముందు దీన్ని వయొలిన్‌కి రాసేడురా. అప్పుడది సి లోనే ఉండేది. తరవాత కీబోర్డుకి మార్చినప్పుడు, ఆ కాలం పెట్టెకి పైన మెట్లు సాలక, మొత్తంగా రెండు మెట్లు దించీసేడు. ఏటి, నువ్వొక్కడివే కనిపెట్టేవనుకున్నావా ఆ ఇద్దె? ఆయనా నీలాటోడే. ఆయనకి మీట లేదు గనక సేత్తో రాసుకున్నాడు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఎరక్కపోయి సేసినా, పాటని మళ్ళీ దానింటికి తెచ్చేవు."

సర్వశ్రుతి సార్వభౌముడి బిరుదు ఆ విధంగా రద్దయింది. బాఖ్ అంతటివాడితో పోలిక రావడం చేత ఆ నష్టం అతనికి అంతగా తెలియలేదు.

ఆఖరి బల్ల నుంచి సన్యాసమ్మ నడిచివచ్చింది. జ్యోతిర్మయి ముఖం చూసింది, బెన్సన్ ముఖం చూసింది. కంచరపాలెంలో గూడ్సు బళ్ళను ముప్పై ఏళ్ళుగా చూస్తున్న మనిషి ఆవిడ. ఏది ఆగుతుందో ఏది వెళ్ళిపోతుందో కూతను బట్టి చెప్పగలదు.

"ఏటి బాబూ, రేపు నీకే షిఫ్టు?"

"బి షిఫ్టండి. మధ్యాహ్నం రెండింటికి ఎక్కాలి."

"అయితే పొద్దున్న తొమ్మిదింటికి ఇంటికి రా. సోడవరపోల్లకి ఇప్పుడే ఫోన్ సేసి వొద్దని సెప్పీస్తాను. టిఫినీలు సెప్పీసినవి పారబోత్తామేటి? మీ పెద్దోల్లనీ తే. మీ దేవుడు, మా దేవుడు అన్నది మెల్లిగా మాటాడుకుందాం. నువ్వు మాత్రం మెలకువతో రా."

అప్పుడే కరెంటు వచ్చింది. ఎంతసేపు ఆరిపోయినా పాత సంగతి మరచిపోని మొండి యంత్రం ఆ కీబోర్డు. మూలన దాని తెర వెలిగి, మైనస్ రెండు అని చూపించింది. జ్యోతిర్మయి వెళ్ళి మీటను రెండుసార్లు నొక్కింది. తెర మీద సున్న నిలిచింది.

"రేపు మా ఇంటికి ఇలాగే రండి," అంది.

బెన్సన్ అప్పటికే ఆర్గన్‌కు తల ఆనించి, చేతులు తెల్లమెట్ల మీదే ఉంచి, హాయిగా నిద్రపోతున్నాడు.

"లేపకే," అంది సన్యాసమ్మ, గొంతు తగ్గించి. "వాన ఎలిసే దాకా పడుకోనీ."