చప్పుడు లేని రాక

తెలంగాణ ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డ ఏడాది. చదువు ఆగిపోయిన మోషే, చేవెళ్ల నుంచి మొయినాబాద్‌కు మోటారుసైకిల్ మీద పాల క్యాన్లు మోసేవాడు. ఏ మలుపులో ఎంత గుంపు ఉంటుందో తెలియని రోజులు. దూరం నుంచే జనం తప్పుకోవాలని సైలెన్సర్ పీకేశాడు. చప్పుడే తనకు కాపలా అనుకున్నాడు.

ఆ చప్పుడుకు ఒకనాడు మారయ్య ఎద్దులు బెదిరాయి. టమాటల బండి బోర్లాపడి మారయ్య కాలు విరిగింది. మోషేనే దవాఖానకు మోసుకుపోయాడు. తర్వాత రోజూ చూడటానికి వచ్చేవాడు. మూడు నెలలకు, అతను చూడటానికి వచ్చేది మారయ్యను కాదని ఇంట్లో అందరికీ తెలిసింది.

మోషే పెళ్లి మాట ఎత్తితే మారయ్య కూతురు ధనమ్మ వైపు చూశాడు.

"సైలెన్సర్ పెట్టు, చెప్త," అంది ధనమ్మ.

"చప్పుడు లేకుంటే నేనే చస్త. ఆ దినం మీ బాపు బండి మీద నిద్రపోయిండు."

"పోలేదు. బండి మీదుంటె ఎన్క చప్పుడు ఇనవడదు. రేపు నువ్వు మా బండెక్కు. మీ తమ్ముడు ఎన్కనుంచి నీ మోటారు తెస్తడు. ఇనవడంగనే చెయ్యి లేపు."

మర్నాడు ధనమ్మ పగ్గాలు పట్టింది. ఎదురుగాలి. కంకర మీద చక్రాల ఇనుప పట్టాల మోత. మోషే చెవులు రిక్కించి కూర్చున్నాడు. ముందు ఎద్దుల చెవులు నిక్కాయి. మరుక్షణం అవి బెదిరి రోడ్డు మధ్యకు తిరిగాయి. అప్పుడు వినబడింది మోషేకు. అప్పటికే తమ్ముడు పౌలు, మోటారుతో సహా పక్క జొన్నచేలో ఉన్నాడు.

"అంత మొత్తుకున్న, ఇనవేందన్నా?" అంటూ మట్టి దులుపుకున్నాడు.

మోషే చెయ్యి ఇంకా ఒడిలోనే ఉంది. ధనమ్మ ఆ చేతిని చూసింది. ఎద్దులను మళ్లీ దారికి తిప్పింది.

ఆ సాయంత్రమే అతను సైలెన్సర్ బిగించాడు.

మర్నాడు వచ్చేసరికి వాకిట్లో ఎవరూ లేరు. పెరట్లో మసి చేతులతో గిన్నెలు తోముతున్న ధనమ్మ ఉలిక్కిపడింది.

"గిట్ల వస్తె ఎట్ల తెల్వాలె? ఇన్నొద్దులు నువ్వు మలుపు తిరగంగనే ఇనవడేది. మొకం కడుక్కొని వాకిట్లకొస్తుంటి. ఇగ దినమంత ఆడనే నిలవడాల్నా?"

"మా ఇంటికి రా," అన్నాడు మోషే. "మసి చేతులున్నా ఫికర్ లేదు."

లోపల మంచం మీంచి మారయ్య దగ్గాడు. విరిగిన కాలు మళ్లీ తిన్నగా నిలవలేదు. అతను ఆ సంగతి మరువనూ లేదు.

"పెండ్లినాడు చర్చికి నన్ను నువ్వే తీస్కపోవాలె," అన్నాడు మోషేతో. "మెల్లగ."